68 ఏళ్ల అమ్మగారి మోకాళ్ల నొప్పి: నడక మానాలా, ఆపరేషన్ చేయించాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మగారికి 68 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, వాటికి మందులు వాడుతున్నారు. నాలుగేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే చూసిన ఒక డాక్టరుగారు గుజ్జు అరిగిపోయింది కాబట్టి రెండు మోకాళ్లకూ కీలు మార్పిడి చేయించమన్నారు. మరొకరు నడక తగ్గించి విశ్రాంతి తీసుకోమన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలతో ఆమె నెట్టుకొస్తున్నారు. ఇంటి పని చేసుకుంటున్నారు, బజారుకు వెళ్లి వస్తున్నారు, మెట్లు దిగడం మాత్రం కష్టంగా ఉంది. తిరుమల కొండ నడిచి ఎక్కే మొక్కు ఒకటి మిగిలి ఉంది. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడంతో ఏం చేయాలో తోచక అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి ఆపరేషన్‌కు తొందరపడవలసిన దశ ఇది కాదనిపిస్తోంది. నడక మానిపించడం మాత్రం ఎంత మాత్రం మంచిది కాదు. కనీసం మూడు నెలలపాటు తొడ కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం క్రమం తప్పకుండా చేయించండి. బరువు ఎక్కువగా ఉంటే కొంతైనా తగ్గించండి. నొప్పి మాత్రల విషయాన్ని ఆర్‌ఎంపీ చేతిలో నుంచి తీసి, ఆమె షుగరు, బీపీ చూస్తున్న డాక్టరుగారికి అప్పగించండి. ఈ మూడూ నిజంగా చేసిన తర్వాత కూడా జీవితం ఇంటి గడప దాటలేని స్థితికి వస్తే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు.

నేను ఒక జిల్లా కేంద్రంలో పనిచేసే ఫిజియోథెరపిస్టును. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది మీ అమ్మగారి వయసువారే, వారిలో ఎక్కువ మంది వచ్చేది మోకాళ్ల కోసమే. ఆమెను నేను స్వయంగా పరీక్షించలేదు కాబట్టి, ఇక్కడ రాసినదంతా ఆమెను చూసే డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు మీకు ఉపయోగపడాలనే ఉద్దేశంతో రాస్తున్నాను.

ముందుగా ఎక్స్‌రే సంగతి. తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి చివరలను కప్పి ఉంచే నున్నటి మృదులాస్థినే మనం గుజ్జు అంటున్నాం. ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. రెండు ఎముకల మధ్య ఉండవలసిన సందు తగ్గిందా, అంచుల్లో ఎముక పెరిగిందా అన్నవి చూసి అరుగుదలను అంచనా వేస్తారు. ఆ అంచనాకు నేటికీ వాడుతున్నది 1957లో వచ్చిన నాలుగు గ్రేడుల పద్ధతే. అయితే గుజ్జుకు నరాలు లేవు, కాబట్టి నొప్పి నేరుగా దాని నుంచి రాదు. గుజ్జు కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉన్న నరాలు, కండరాల నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో ఎంత అరిగితే అంత నొప్పి ఉండాలన్న నియమం లేకపోవడానికి కారణం ఇదే. నా దగ్గరికి వచ్చే ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి ఎక్స్‌రే మీద గ్రేడ్ 4, అంటే అన్నిటికంటే ఎక్కువ అరుగుదల, అని రాసి ఉంటుంది, కాళ్లు బయటికి వంగి రెండు మోకాళ్ల మధ్య చెయ్యి దూరేంత సందు కూడా ఉంది, అయినా ఆయన రోజూ ఉదయం చెరువు గట్టు మీద నడిచి వస్తారు. కుట్టు మిషన్ మీద పనిచేసే మరొక అమ్మగారికి ఎక్స్‌రేలో అరుగుదల అంతంతమాత్రమే అయినా, మొదట్లో మా గది ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి కూతురి భుజం పట్టుకోవలసి వచ్చేది. కాబట్టి ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఎక్స్‌రే ఒక్కటే తేల్చదు. ఆ మనిషి రోజు ఎలా గడుస్తున్నదో చూడాలి.

45 ఏళ్లు దాటిన మనిషికి పనిచేసినప్పుడు నొప్పి వచ్చి, పొద్దున లేవగానే ఉండే బిగుతు అరగంటలోపు సడలిపోతుంటే, సాధారణంగా దాన్ని అరుగుదలగా గుర్తించడానికి ఎక్స్‌రే కూడా అవసరం లేదు. బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. వ్యాయామాన్ని, బరువు తగ్గడాన్ని అవి చికిత్సకు మూలంగా పెట్టాయి, మందులను సహాయంగా మాత్రమే చూశాయి.

ఇక విశ్రాంతి. గుజ్జుకు నరాలే కాదు, రక్తనాళాలు కూడా లేవు. కీలులో ఉండే జిగట ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. ఆ ద్రవం గుజ్జులోకి చేరి మళ్లీ బయటికి రావాలంటే కీలు మీద బరువు పడుతూ, తొలగుతూ ఉండాలి. కూర్చోబెట్టి ఉంచిన మోకాలికి ఆ అవకాశం ఉండదు. దీనికంటే పెద్ద నష్టం తొడ దగ్గర జరుగుతుంది. మోకాలు నొప్పి పెట్టినా, అందులో నీరు చేరినా, తొడ ముందు కండరానికి నరాల నుంచి అందే ఆదేశం బలహీనపడుతుంది, మనిషి ఎంత ప్రయత్నించినా అది పూర్తి బలంతో బిగుసుకోదు. వాడకం తగ్గిన కండరం సన్నబడుతుంది, సన్నబడిన కొద్దీ అడుగు వేసినప్పటి అదురంతా కీలు మీదే పడుతుంది, నొప్పి పెరుగుతుంది, మనిషి ఇంకా తక్కువ నడుస్తారు. దర్జీల టేపు తీసుకుని మోకాటి చిప్పకు ఒక జానెడు పైన రెండు తొడల చుట్టుకొలతా కొలిచి చూడండి. నొప్పి ఎక్కువగా ఉన్న వైపు తొడ తరచుగా సన్నగా తేలుతుంది. "విశ్రాంతి తీసుకోండి" అన్న సలహా పట్టుకుని ఏడాదిపాటు మంచం, కుర్చీ, టీవీకి పరిమితమై వచ్చినవారితో పనిచేయడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్ల మోకాళ్ల కంటే ముందు వాళ్ల ధైర్యాన్ని తిరిగి తేవాలి.

వ్యాయామం ఎలా చేయించాలంటే, మొదట మంచం మీద మొదలుపెట్టండి. కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు ఒకటి ఉంచండి. మోకాలితో ఆ తువ్వాలును కిందికి నొక్కమనండి. మోకాటి చిప్ప తొడ వైపు కొద్దిగా పైకి జరగడం మీకు కంటికి కనిపిస్తుంది. చెయ్యి వేసి చూస్తే చిప్ప పైన కండరం గట్టిపడుతుంది. అది గట్టిపడకపోతే ఆమె నడుముతో నొక్కుతున్నారని అర్థం. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, ఇలా పదిసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి పెట్టి, రెండో కాలిని నిటారుగా ఒక అడుగు ఎత్తు లేపి, అయిదు అంకెలు ఆపి నెమ్మదిగా దించాలి. ఊపిరి బిగపట్టకూడదు; బీపీ ఉన్నవారి విషయంలో ఇది ముఖ్యం కాబట్టి అంకెలను పైకి లెక్కపెట్టమనండి, నోటితో లెక్కపెడుతుంటే ఊపిరి బిగపట్టలేరు.

ఇవి రెండు వారాల్లో తేలికవుతాయి. చాలా ఇళ్లలో వ్యాయామం ఇక్కడే ఆగిపోతుంది, ఏళ్ల తరబడి అవే పది, అవే అయిదు అంకెలు. కండరం బలపడాలంటే దానికి చేసే పని పెరుగుతూ పోవాలి. మూడో వారం నుంచి కుర్చీ దగ్గరికి రండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, కూర్చునే చోటు మరీ కిందికి ఉంటే దిండు వేసి, చేతుల సాయం లేకుండా లేచి నిలబడి, మళ్లీ నెమ్మదిగా కూర్చోమనండి. కూర్చునేటప్పుడు ధబీమని పడిపోకుండా మూడు అంకెలు పట్టేట్టు దిగడమే ఇందులో అసలు వ్యాయామం. మొదట అయిదుసార్లు, తర్వాత పది. ఆ తర్వాత దిండు తీసేయడం. దీనితోపాటు కుర్చీలో కూర్చుని మోకాలు చాపే వ్యాయామానికి పెసరపప్పు ప్యాకెట్టును గుడ్డ సంచిలో వేసి చీలమండకు కట్టవచ్చు. మొదట అర కిలో, తర్వాత కిలో, తర్వాత రెండు కిలోలు. వంటగది గట్టు పట్టుకుని మడమలు లేపడం, కాలిని పక్కకు ఎత్తడం కూడా చేర్చండి, ఎందుకంటే తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నవారు నడుస్తుంటే ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు భారమంతా మోకాలి లోపలి వైపున పడుతుంది. మంచం మీది వ్యాయామాలు రోజూ చేయవచ్చు. బరువు కట్టి చేసేవి, కుర్చీ వ్యాయామం మాత్రం వారానికి మూడు రోజులు రోజు విడిచి రోజు చాలు.

చేసేటప్పుడు నొప్పి వస్తే ఆపేయాలా అని అందరూ అడుగుతారు. కొంత నొప్పి రావడం సహజమే, దానివల్ల కీలు ఇంకా అరిగిపోదు. నేను చెప్పే లెక్క ఇది: నొప్పికి పదికి మార్కులు వేస్తే నాలుగైదు వరకు పరవాలేదు, కానీ మరుసటి ఉదయానికి నొప్పి మళ్లీ మామూలు స్థాయికి రావాలి. మరుసటి రోజు కూడా మోకాలు వాచి ఉన్నా, నొప్పి దిగకపోయినా, చేసినది ఎక్కువైందని అర్థం. అప్పుడు సగానికి తగ్గించాలి, మానేయకూడదు. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గానీ వాడుతుంటే పరగడుపున వ్యాయామం చేయించకండి.

నడక కూడా ఇలాగే. ఒకేసారి అరగంట నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు చదునైన నేల మీద నడవమనండి. కర్ర పట్టుకోవాలంటే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు ఎక్కువ నొప్పి కాబట్టి మీ అమ్మగారు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి కాలితోపాటు కర్రను ముందుకు వేయాలి. మన పెద్దలు దాదాపు అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు, దానివల్ల మోకాలికి ఒరిగేది తక్కువ. కర్ర పట్టుకుంటే ముసలితనం వచ్చిందని నలుగురూ అనుకుంటారన్న మొహమాటం ఆడవాళ్లలో చాలా ఎక్కువగా చూస్తుంటాను. అలాంటివారికి పొడవాటి గొడుగు ఇస్తుంటాను, పట్టు సరిపోయేట్టు, కింద రబ్బరు తొడుగు ఉండేట్టు చూసుకుంటే అదీ పనిచేస్తుంది. మెట్ల దగ్గర, ఎక్కేటప్పుడు నొప్పి తక్కువ ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువ ఉన్న కాలు ముందు వేసి, ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచాలి.

తిరుమల మొక్కు గురించి అడిగారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. శ్రీవారి మెట్టు దూరం తక్కువైనా నిటారుగా ఉంటుంది. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గరి నిటారు మెట్లు మనిషి బాగా అలిసిపోయాక చివర్లో వస్తాయి. 60 ఏళ్లు దాటినవారు, షుగరు, బీపీ, గుండె, కీళ్ల జబ్బులున్నవారు కాలినడకన రాకపోవడమే మంచిదని టీటీడీ కూడా గతంలో సూచించింది. ఈ మూడు నెలల్లో మాత్రం వద్దు. ఆ తర్వాత రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగినా మరుసటి రోజు మోకాలు మామూలుగా ఉంటే, గుండె విషయంలో డాక్టరుగారు సరేనంటే, కొంత దూరం నడిచి తృప్తి పడేందుకు అభ్యంతరం ఉండకపోవచ్చు. దిగడం మాత్రం బస్సులోనే. మోకాటి చిప్ప మీద ఒత్తిడి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ, కాళ్లు వణికి పడిపోయేదీ అప్పుడే.

ఇంట్లో మార్పుల విషయానికొస్తే, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చోవడం, కత్తిపీట ముందు కింద కూర్చుని కూరలు తరగడం ఇప్పటికి తగ్గించాలి. అన్నిటికంటే ముందు మరుగుదొడ్డి చూడండి. వెస్టర్న్ కమోడ్ పెట్టే వీలు లేకపోతే, పాత దొడ్డి మీద వేసే ఇనుప కమోడ్ కుర్చీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, పక్కన గోడకు గట్టి కమ్మీ ఒకటి బిగించండి. రాత్రిపూట లేచి వెళ్లే దారిలో లైటు ఉండాలి. పూజ దగ్గర, నమాజు దగ్గర, ప్రార్థన దగ్గర కుర్చీ వాడడానికి పెద్దలు ముందు ఒప్పుకోరు. ఇంటి పిల్లలు చెబితే వినరు కానీ, వాళ్లు గౌరవించే పూజారిగారో మౌల్వీగారో పాస్టరుగారో ఒక మాట చెబితే వెంటనే వింటారు.

బరువు గురించి రెండే మాటలు. శరీరం బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. అయితే ఈ వయసులో ఉపవాసాలతో బరువు తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, అది మనకు కావలసిన దానికి పూర్తిగా వ్యతిరేకం. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు వంటివి పెంచండి. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం ఎంత పెంచాలో డాక్టరుగారిని అడగాలి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించే విషయం ఆ మాత్రలు. పొట్లంలో కట్టి ఇచ్చే రంగురంగుల మాత్రల్లో సాధారణంగా డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ వంటి నొప్పి మందు ఒకటి ఉంటుంది. కొన్నిసార్లు దానితో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. నొప్పి మందులు పెద్దవారిలో కడుపులో పుండ్లు, రక్తస్రావం తెస్తాయి, బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్ర, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతూ పైన నొప్పి మాత్ర కూడా వేసుకుంటే, ఈ మూడూ కలిసి మూత్రపిండాలకు రక్తం అందకుండా చేయగలవు. వేసవిలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారికి రక్తస్రావం భయం రెట్టింపవుతుంది. ఒక పెద్దావిడ మోకాళ్లు వాచాయని నా దగ్గరికి వచ్చారు. చూస్తే వాపు మోకాళ్లలో కంటే పాదాల్లో ఎక్కువగా ఉంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. ఏడాదికి పైగా రోజూ రెండు పూటలా నొప్పి మాత్ర వేసుకుంటున్నారు. వ్యాయామం మొదలుపెట్టకుండా ముందు రక్తపరీక్షకు పంపాను, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది. మీ అమ్మగారికి ఇంతవరకు క్రియాటినిన్ చూడకపోతే ఈ వారమే చూపించండి. ఆమె వాడుతున్న మాత్రల అట్టలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసి షుగరు డాక్టరుగారి ముందు పెట్టండి. ఒకటి గుర్తుంచుకోవాలి: పొట్లంలో స్టెరాయిడ్ ఉండి చాలా కాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరుగారు చెప్పిన ప్రకారం తగ్గిస్తూ రావాలి. స్టెరాయిడ్ అనడానికి గుర్తులు: ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే నల్లగా కమలడం, మందులు మారకపోయినా షుగరు పెరగడం. "వాతం పొడి" పేరుతో సంతల్లో అమ్మే పొడుల విషయంలోనూ ఇదే అనుమానం పెట్టుకోండి. మూడు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో ఏముందో ఆలోచించాలి.

మరి నొప్పికి ఏం వాడాలి? మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్‌తో మొదలుపెట్టడం మంచిది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి పనిచేస్తుంది. ఒకసారి రాసి ఊరుకోకుండా డాక్టరుగారు చెప్పినన్ని సార్లు రెండు వారాలైనా వాడితేనే తేడా తెలుస్తుంది. పారాసెటమాల్ వల్ల ఈ నొప్పికి దక్కే ఉపశమనం కొద్దిపాటిదే. మాత్ర తప్పదనుకున్నప్పుడు కూడా అది తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే, మూత్రపిండాల పరీక్ష చూసిన డాక్టరుగారే రాయాలి.

కాపడం పెట్టవచ్చు. వావిలాకు నీళ్లతో పెట్టినా, వేడినీళ్ల సంచితో పెట్టినా బిగుతు సడలుతుంది. మోకాలు ఎర్రబడి వేడిగా వాచినప్పుడు మాత్రం వేడి కాకుండా తువ్వాల్లో చుట్టిన ఐసు పెట్టాలి. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి కాలుతున్న సంగతి తెలియదు. ఇసుక మూటతో బొబ్బలెక్కిన మోకాళ్లను, జిల్లేడాకు కట్టుకుని చర్మం ఊడిన మోకాళ్లను నేను చూశాను. కాబట్టి కాపడం వేడిని ముందు మీ చేత్తో చూసి ఇవ్వండి. నువ్వుల నూనె మర్దనాకు అభ్యంతరం లేదు. నల్లేరు పచ్చడి రుచికి తినండి, గుజ్జు తిరిగి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కాల్షియం మాత్రలు కూడా అంతే. అవి ఎముకలకు, గుజ్జుకు కాదు. గ్లూకోసమైన్ మాత్రలకు నెలనెలా వేలు ఖర్చు పెట్టేవారున్నారు. 2006లో అమెరికాలో దాదాపు 1,600 మంది మీద జరిగిన పరీక్షలో మొత్తం మీద అవి మందు లేని ఉత్తి మాత్రల కంటే మెరుగని తేలలేదు. ఆ డబ్బుతో మంచి చెప్పులు, కమోడ్ కుర్చీ కొనండి.

మోకాలిలో వేసే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు త్వరలో చెబుతారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది, వ్యాయామం మొదలుపెట్టలేనంత నొప్పి ఉన్నవారికి ఒకసారి ఉపయోగపడుతుంది, షుగరు మాత్రం కొన్ని రోజులు పెరుగుతుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన అధ్యయనంలో, 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పి తగ్గకపోగా గుజ్జు ఎక్కువ తరిగింది. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీకి నగరాల్లో వేలకు వేలు తీసుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన పరీక్షలో ఏడాది తర్వాత దానికీ ఉప్పునీటికీ తేడా కనిపించలేదని 2021లో ప్రకటించారు. దుర్బీను పెట్టి కీలును కడిగి శుభ్రం చేసే ఆపరేషన్ కూడా అరుగుదల నొప్పికి పనిచేయదని 2002 నుంచే తెలుసు.

ఇదంతా మామూలు అరుగుదలకు వర్తిస్తుంది. కొన్ని మోకాళ్ల నొప్పులు వేరు. జ్వరంతోపాటు మోకాలు ఒక్కసారిగా ఎర్రబడి వాచినా, పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పితో బరువు తగ్గిపోతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. చేతివేళ్ల కణుపులు కూడా వాచి, పొద్దున బిగుతు గంటకు పైగా ఉంటే అది కీళ్లవాతం కావచ్చు, దాని మందులు వేరు. తుంటి కీలు అరిగినవారు కొందరు మోకాలే నొప్పి అంటారు, కాబట్టి తుంటిని కూడా తిప్పి చూడమని అడగండి. నల్గొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ పెరిగినవారికి మోకాళ్లతోపాటు మెడ, వెన్ను కూడా బిగుసుకుపోతే దానికి ఆ ఫ్లోరైడే కారణం కావచ్చు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్ల నొప్పులు మిగిలినవారు 2006 నాటి నుంచి మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. మీ ఊళ్లో ఈమధ్య ఆ జ్వరాలు వచ్చి ఉంటే డాక్టరుగారికి చెప్పండి. రక్తపరీక్షల విషయంలో ఒక జాగ్రత్త: కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష ఆ జబ్బు లేని పెద్దవారిలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది, యూరిక్ యాసిడ్ కాస్త పెరిగినంత మాత్రాన నొప్పి దానివల్లేనని చెప్పలేం. కాగితం మీది అంకెకు కాకుండా మనిషి లక్షణాలకు చికిత్స జరగాలి.

చివరగా ఆపరేషన్. నేను దానికి వ్యతిరేకిని కాదు. మూడు నెలలు నిజంగా వ్యాయామం చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇంట్లోనే గోడలు పట్టుకుని నడిచే స్థితి, కాలు రోజురోజుకూ వంగిపోవడం ఉన్నవారికి కీలు మార్పిడి చాలా మంచి ఆపరేషన్. వేసిన కీళ్లలో సుమారు 80 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయని విదేశాల్లోని పెద్ద లెక్కలు చెబుతున్నాయి. మరోవైపు, చేయించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరికి దాకా ఎంతో కొంత నొప్పి మిగులుతుందని కూడా తెలుసుకుని వెళ్లాలి. ఇప్పుడు నొప్పి భరించగలిగేంతే ఉన్నవారు ఆ తర్వాత అసంతృప్తి పడే అవకాశం ఎక్కువ. వాయిదా వేస్తే ఆపరేషన్ చేయడం అసాధ్యమవుతుందని ఎవరైనా భయపెడితే తొందరపడవద్దు. మరొక ఆర్థోపెడిక్ డాక్టరుగారి అభిప్రాయం తీసుకోండి. చేయించాలని నిర్ణయించుకున్నా రెండు మోకాళ్లూ ఒకేసారా, విడివిడిగానా అన్నది షుగరు, గుండె పరిస్థితి చూసి తేల్చవలసిన విషయం. అంతకుముందు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరు, అదుపులోకి రావాలి, పళ్లలో, చర్మం మీద, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండా చూసుకోవాలి, ఆ మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి మూడు నెలలైనా దాటి ఉండాలి. ముందే తొడ బలం పెంచుకున్నవారు ఆపరేషన్ తర్వాత తొందరగా తేరుకుంటారు, కాబట్టి ఈ మూడు నెలల కష్టం ఏ దారిలోనూ వృథా కాదు.

ఖర్చు విషయంలో, కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు అప్పుడు పన్ను కాకుండా 54,720 రూపాయలు నిర్ణయించారు. అది కీలు ధర మాత్రమే, ఆసుపత్రి ఖర్చు వేరు. బిల్లులో కీలు పేరు, దాని ధర విడిగా రాసి ఇవ్వమని, కీలు మీది స్టిక్కరు కూడా ఇవ్వమని అడగండి. ఆపరేషన్ అయ్యాక మొదటి ఆరు వారాలు మోకాలు వంచే వ్యాయామాన్ని రోజూ ఎవరు చేయిస్తారో, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే తేల్చుకోండి. మీ అమ్మగారి క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ అంకెలు, బరువు, ఎత్తు, కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో రాస్తే, ఎంత వ్యాయామంతో మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.